కవరు మీది పేరు

మురోరాన్
2014 జులై 6

అన్నయ్యా,

వేసవి వచ్చిందని క్యాలెండర్ అంటోంది గాని మా ఊరికి వచ్చింది పొగమంచే. పొద్దున్నుంచి ఓడరేవులో బూర మోగుతూనే ఉంది. ఉతికిన బట్టలు మూడో రోజుకి కూడా ఆరలేదు. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అక్కడ నాట్లు అయిపోయి ఉంటాయి. నాట్లు ముగిసిన రోజు అమ్మ ఉదోన్ నూడుల్స్ చేసేది కదా. గోనెపట్టా కింద పిండి పెట్టి పిల్లలం మనందరి చేతా తొక్కించేది. మేం పాటలు పాడుతూ తొక్కేవాళ్ళం. నువ్వు మాత్రం పిండికి ఎక్కడ నొప్పి పుడుతుందో అన్నట్టు కిక్కురుమనకుండా తొక్కేవాడివి.

ఈసారి నీకు భోజనం కూపన్లు పంపలేను. ఆ మాట చెబుదామనే రాస్తున్నాను. జూన్ ఆఖర్లో ఒకసారి, డిసెంబర్లో ఒకసారి, మీ బావ షేర్లు కొన్న మినోబే ఉదోన్ కంపెనీ నుంచి ఆయన పేర కవరు వచ్చేది. డివిడెండు కాగితం మాకు, కూపన్లు నీకు. మా ఉత్తరాది మంచు దేశంలో ఆ కంపెనీ కొట్టు లేదాయె. నువ్వు మన ఊళ్ళో వాళ్ళ మొదటి కొట్లో తిని, కార్డు ముక్క రాసేవాడివి: "తిన్నాను. బాగుంది." మీ బావ అది చదివి, "మీ అన్నయ్య ఈసారి రెండు మాటలు మాట్లాడాడే!" అని నవ్వేవాడు.

ఈసారి ఆ కవరు రాలేదు. ఆయన పోయినది నవంబరులో. డిసెంబర్లో కవరు మామూలుగానే వచ్చింది, ఆయన పేరుతోనే. దాన్ని విప్పి కూపన్లు నీకు పంపి, డివిడెండు కాగితం మాత్రం కవర్లోనే ఉంచి బుద్ధుడి అరలో ఆయన ఫోటో ముందు పెట్టాను. పోస్టాఫీసుకి వెళ్ళి డబ్బు తీసుకోలేదు. ఆయన పేరు మీద ఉన్నది ఆయనదే కదా అనిపించింది. వచ్చే నెల పదమూడున ఆయనకి తొలి బోన్. పోయినవాళ్ళు మొదటిసారి ఇంటికొచ్చే పండుగ. ఆ రోజుకి కొత్త కవరు కూడా పక్కన పెట్టాలనుకున్నాను. రాలేదు.

ఇంకొక సంగతి. మొన్న ఊరగాయకి ముల్లంగి ఉప్పులో పిసుకుతుంటే గుమ్మం బయట ఎవరో ఆడపిల్ల "ఒగురా తమెకిచి గారు ఉన్నారా?" అని పిలిచింది. చేతులు ఉప్పు, కళ్ళజోడు లేదు, బయట పొగమంచు. ఏ బీమా కంపెనీ పిల్లో అనుకుని, "లేరమ్మా, ఆయన ఇక్కడ లేరు" అని లోపల్నించే అరిచాను. వెళ్ళిపోయింది. బయటివాళ్ళ నోట ఆయన పేరు విని ఎన్నాళ్ళయిందో! ముల్లంగి అలాగే వదిలేసి కాసేపు కూర్చుండిపోయాను.

ఎండలో టోపీ లేకుండా పొలం వెళ్ళకు.

నీ చెల్లెలు
హత్సుయో

*

కగవా
జులై 12

హత్సుయో,

ఇక్కడ వాన లేదు. చెరువులో నీళ్ళు సగం. మోకాళ్ళు ఫరవాలేదు.

కూపన్లు లేకపోయినా ఏం కాదు. నేను కొనుక్కు తినగలను. కంపెనీకి కష్టకాలం వచ్చి ఉంటుంది. పక్క ఊళ్ళో వాళ్ళ కొట్టు ఒకటి మూసేశారని విన్నాను. డివిడెండు రాకపోతే నీకు ఇబ్బందే. బావ పెన్షన్ కూడా సగమైంది కదా.

ఎండు ఉదోన్ పెట్టె పంపుతున్నాను. అడుగున చూడు.

జాగ్రత్త.

కామెజో

*

మురోరాన్
జులై 18

అన్నయ్యా,

చూశాను అడుగున. ఉదోన్ కట్టల కింద పాత వార్తాపత్రికలో చుట్టిన మూడు పదివేల నోట్లు! పార్సిల్లో నోట్లు పెట్టకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసే. నిన్ను పోలీసులు పట్టుకుపోతే మన ఊరు ఊరంతా నవ్వదూ! రిజిస్టరు కవర్లో పెట్టి ఈ రోజే తిప్పి పంపుతున్నాను.

నేనేమైనా చెయ్యి చాచానా? ఒక్క మాటైనా డబ్బు లేదని రాశానా? ఆ డివిడెండు ఎంతనుకున్నావు? ఇద్దరం ఒక పూట సుషీ తింటే అయిపోయేది. నాకు కావలసింది అది కాదు. ఏం కావాలో రాశాను కూడా. ఆ ముక్క నువ్వు చదవలేదు, చదివినా పట్టించుకోలేదు. నీ దృష్టిలో మొగుడు పోయిన ఆడది అంటే డబ్బు లేని ఆడది, అంతేనా?

మా పక్కింటావిడకి నీ ఉత్తరం చదివి వినిపించాను. "మీ అన్నయ్య బంగారం" అంది. నాకు ఇంకా కోపం వచ్చింది.

ఉదోన్ మాత్రం ఉంచుకున్నాను.

హత్సుయో

*

కగవా
జులై 24

హత్సుయో,

నోట్లు అందాయి. తప్పయింది.

నీ మొదటి ఉత్తరం మళ్ళీ చదివాను. ఇప్పుడు అర్థమైంది. నీకు కావలసింది కవరు.

కంపెనీ ఆఫీసు ఇప్పటికీ మొదటి కొట్టు పైనే ఉంది. అడుగుదామని సోమవారం వెళ్ళాను. కొట్లో నూడుల్స్ ఉడకబెట్టేది సుగియో గారు. పాత యజమాని మినోబే చెల్లెలు. నా వంతు వచ్చింది. "పెద్దదా, చిన్నదా?" అంది. "చిన్నది" అన్నాను. వెనక జనం ఉన్నారు. జరిగాను. తిన్నాను. వచ్చేశాను.

మంగళవారం కూడా వెళ్ళాను. "పెద్దదా, చిన్నదా?" అంది. "చిన్నది" అన్నాను.

బుధవారం చిలగడదుంప బజ్జీ కూడా వేయించుకున్నాను. ఇంకాస్త సేపు నిలబడొచ్చని. బజ్జీ ముందే చేసి పెట్టి ఉంది.

ఇవాళా అంతే. రేపు వెళ్తాను.

కామెజో

*

మురోరాన్
జులై 28

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. ముందు నవ్వాను, తరవాత భయమేసింది. బియ్యం ఇంట్లో పెట్టుకుని రోజూ బయట తింటున్నావా? వంట మానేశావా? ఒంట్లో బాగుండక నాతో చెప్పడం లేదా? నిజం రాయి.

లేకపోతే ఆ సుగియో గారి కోసమా? పక్కింటావిడ అలాగే అంటోంది. "ఏ మగాడైనా వరసగా నాలుగు రోజులు ఒకే చోట ఉదోన్ తిన్నాడంటే నాలిక కోసం కాదమ్మా" అంటోంది. డెబ్బై ఆరేళ్ళ వయసులో నువ్వు అంత పని చేస్తావనుకోను. చేసినా నాకేం అభ్యంతరం లేదు, ఆవిడ బాగా ఉడకబెడుతుందని మీ బావే చెప్పేవాడు.

మాట మార్చాను గాని నాకు నిద్ర పట్టడం లేదన్నయ్యా. కంపెనీ వాళ్ళు ఆయన పోయాడని తెలిసి పేరు కొట్టేశారేమో. వాళ్ళకి ఎవరు చెప్పి ఉంటారు? నేను చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. తొలి బోన్ దగ్గర పడుతోంది. తెల్ల లాంతరు కొన్నాను. ఫోటో ముందు కవరు పెట్టే చోటు ఖాళీగా ఉంచాను. పండ్లు కూడా అక్కడ పెట్టడం లేదు.

నువ్వు నోటితో అడగలేకపోతే కాగితం మీద రాసి ఇయ్యి.

హత్సుయో

*

కగవా
ఆగస్టు 2

హత్సుయో,

ఒంట్లో బాగానే ఉంది. సుగియో గారికి ఎనభై ఒకటి.

నువ్వు చెప్పినట్టే కాగితం మీద రాశాను. "ఒగురా తమెకిచి కవరు ఎందుకు రాలేదు?" అని. మడిచి పళ్ళెంలో గిన్నె పక్కన పెట్టాను. ఆవిడ గిన్నె తీసింది, కాగితం చూసింది, విప్పింది. కొట్టంతా వినబడేలా చదివింది. జనం తలలు తిప్పి నన్ను చూశారు. పారిపోదామనుకున్నాను. ఆవిడ పళ్ళెం వదల్లేదు.

"ఏమయ్యా, తమెకిచి నీకేమవుతాడు?"

"చెల్లెలి భర్త."

"మన తమెకిచి బావమరిదివా నువ్వు! ముప్పై ఏళ్ళుగా తింటున్నావు, ఒక్కనాడు చెప్పావా? నువ్వు మూగవాడివేమోనని నేను 'పెద్దదా, చిన్నదా' తప్ప వేరే ప్రశ్నే వెయ్యలేదు."

గరిట పట్టుకునే నన్ను మెట్లెక్కించింది. వెనక వరసలో ఎవరో "అమ్మా, మా గిన్నెలు!" అని అరిచారు. "మీరే ముంచుకోండి, చేతులు లేవా!" అంది.

ఆఫీసులో ఒక అమ్మాయి ఉంది. మర్యాదస్తురాలు. బీరువా తీసి ఒక కవరు పట్టుకొచ్చింది. బావ పేరు ఉన్నదే. మీ ఊరు వెళ్ళి తిరిగొచ్చింది. మీద చిన్న చీటీ అంటించి ఉంది. "ఈ పేరుగలవారు ఇక్కడ లేరు" అని.

చెల్లీ, నువ్వు ముల్లంగి పిసుకుతున్న రోజు పిలిచింది బీమా పిల్ల కాదు. పోస్టు పిల్ల. కొత్తగా వచ్చి ఉంటుంది. నువ్వు లేరన్నావు. తను లేరని రాసింది.

సుగియో గారు ఆ చీటీ చదివి, "లేడా! ఎక్కడికి పోయాడు?" అంది. పోయిన సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడింది. నడుముకి కట్టుకున్న గుడ్డతో కళ్ళు తుడుచుకుంది. దాని మీది పిండి అంతా మొహానికి అయింది. ఎవరం నవ్వలేదు.

ఆఫీసు అమ్మాయి చెప్పినది ఇది. కంపెనీ బాగానే ఉంది. డివిడెండు ఆగలేదు, నీ కోసం అక్కడే ఉంది. డిసెంబరుది కూడా పోలేదు. కాని పోయారని తెలిశాక ఆ పేరు మీద మళ్ళీ కవరు పంపకూడదట. ఈ కవరు కూడా ఇయ్యకూడదట. నీ కుటుంబ పత్రం నకలు, సంతకానికి బదులు నీ పేరు ముద్ర వేసిన కాగితాలు పంపితే షేర్లు నీ పేరుకి మారతాయి. కాగితాలు ఇందులో పెట్టాను.

చేతనైనంత అడిగాను. ఎక్కువే అడిగాను, నా లెక్కలో.

కామెజో

*

మురోరాన్
ఆగస్టు 6

అన్నయ్యా,

నా నోటితోనే పంపేశానన్నమాట ఆయన్ని. గుమ్మం దాకా వచ్చిన మనిషిని.

మొన్న శీతకాలం గాలికి మా గుమ్మం మీది పేరుపలక ఊడిపడితే మళ్ళీ కొట్టించలేదు. పలక ఉంటే ఆ పిల్ల అడిగేదే కాదు. పెట్టెలో వేసి పోయేది. ఎవరిని అనగలను?

కాగితాలు చూశాను. ముద్ర వెయ్యను.

నీకు చెప్పలేదు గాని ఆయన పోయినప్పటి నుంచీ నేను చేస్తున్న పని అదొక్కటే. దహనానికి ముద్ర. పెన్షన్ వాళ్ళకి ముద్ర. బ్యాంకులో, కరెంటుకి, నీళ్ళకి, ఫోనుకి ముద్ర. షిప్‌యార్డు పాత కార్మికుల సంఘానికి కూడా ముద్ర. వేసిన ప్రతి చోటా ఆయన పేరు మీద ఒక గీత గీశారు. అందరూ మర్యాదగానే గీశారు. "శ్రమ ఇచ్చాం, క్షమించండి" అని వంగి మరీ గీశారు. ఈ ఉదోన్ కంపెనీ ఒక్కటీ మిగిలింది, ఆయన్ని "గారు" అని రాసేది. దాన్ని కూడా నా చేత్తో చెరపమంటావా? అదీ తొలి బోన్‌కి వారం ముందు?

డబ్బు వాళ్ళ దగ్గరే కుళ్ళనీ. కూపన్ల సంగతి అంటావా, నీకు నేనే నెలనెలా పంపుతాను, తిను.

ఆయన తాగినప్పుడు ఒక మాట అనేవాడు. "నేనిక్కడ మంచులో ఉన్నా నా పేరు అక్కడ వెచ్చగా ఆవిరి పడుతోందే, హత్సుయో" అనేవాడు. తాగుడు మాటలే అనుకో. ఇవాళెందుకో పొద్దున్నుంచి అదే గుర్తొస్తోంది.

నీ మీద కోపం లేదు. నువ్వు మెట్లెక్కావని చదివి ఏడ్చాను. నీకు అదెంత కష్టమో నాకు తెలుసు.

హత్సుయో

*

కగవా
ఆగస్టు 9, ఎక్స్‌ప్రెస్ పోస్టు

హత్సుయో,

త్వరగా అందాలని ఎక్కువ బిళ్ళలు అంటించాను.

బావది తాగుడు మాట కాదు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని కొట్టుకి వెళ్ళాను. కాగితాలు రావని చెప్పడానికి. సుగియో గారు "పెద్దదా, చిన్నదా" అనలేదు. "మీ చెల్లెలు ఏమంది?" అంది. ఆవిరి పడే మాట చెప్పాను. ఆవిడ గరిటతో పైకి చూపించింది. "తలెత్తు" అంది.

నేను ఎప్పుడూ గిన్నెలోకి చూసే తింటాను. నీకు తెలుసు. ముప్పై ఏళ్ళలో ఆ కొట్టు పైకప్పు నేను చూడలేదు.

ఉడికే పెద్ద బాన పైన, దూలం పొడుగునా, చెక్క పలకలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కో పలక మీద ఒక్కో పేరు. రెండో కొట్టు కట్టడానికి మినోబే తెలిసినవాళ్ళని షేర్లు కొనమని అడిగిన కాలంలో కొన్నవాళ్ళ పేర్లవి. బావ అప్పట్లో బోనస్ డబ్బు మురోరాన్ నుంచి పంపాడట. నన్ను కూడా అడిగారు. ఎలా కొనాలో అడగడానికి సిగ్గేసి ఊరుకున్నాను.

ఎడమ నుంచి ఏడోది బావ పలక. ఆవిరికి నల్లబడింది. అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి. ఒగురా తమెకిచి. బానలో ఆవిరి లేచినప్పుడల్లా కాస్త ఊగుతుంది.

ఒక సంగతి అడిగాను. నేనే, నోటితో. "షేర్లు పేరు మారితే పలక తీసేస్తారా?"

"పోయినవాళ్ళవన్నీ తీసేస్తే అక్కడేముంటుందయ్యా, దూలం తప్ప! సగం మంది వెళ్ళిపోయారు. మా అన్నయ్యది కూడా అక్కడే ఉంది. షేర్లు పైన ఆఫీసు వాళ్ళవి. పలకలు బానవి. వీటి జోలికి ఎవరూ రారు."

అక్కడ ఒక ఆచారం ఉందట. పలక ఉన్నవాళ్ళకి తొలి బోన్ వస్తే, పదమూడున పలక దింపి తుడిచి, దాని ముందు గిన్నె పెడతారు. ఇంట్లోవాళ్ళు ఒకరు బాన దగ్గర నిలబడి, గిరాకీకి పిలిచినట్టు, పేరూ గిన్నె కొలతా గట్టిగా పిలవాలి. ఆ తరవాత పలక మళ్ళీ దాని చోటుకి పోతుంది. బావ పోయాడని నువ్వు చెప్పకపోబట్టి ఆయనకిది తప్పిపోయేదే.

ఇంట్లోవాళ్ళు అంటే ఇక్కడ నేనే.

జనం ఉండగా పిలవాలట. మధ్యాహ్నం. చూడాలి.

ముద్ర నీ ఇష్టం. నేను అడగను.

కామెజో

*

కగవా
ఆగస్టు 14

హత్సుయో,

పిలిచాను.

మొదటిసారి ఎవరికీ వినబడలేదు. "ఎవరినయ్యా, దోమనా పిలిచేది?" అంది సుగియో గారు. రెండోసారి నాకు వినబడింది. మూడోసారి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

"తమెకిచీ! పెద్దది!"

బావ ఎప్పుడూ పెద్దదే తినేవాడు కదా.

వరసలో ఉన్నవాళ్ళంతా "అలాగే!" అన్నారు. అక్కడ గిరాకీ పిలిస్తే బదులు అలా అంటారు. అందరూ అన్నారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా.

తరవాత ఆ గిన్నె నన్నే తినమన్నారు. అదీ ఆచారమేనట. పెద్దది. మొత్తం తిన్నాను. పలక చూస్తూ తిన్నాను. మెడ నొప్పిగా ఉంది.

తిన్నాను. బాగుంది.

కామెజో

*

మురోరాన్
ఆగస్టు 18

అన్నయ్యా,

నీ ఎక్స్‌ప్రెస్ ఉత్తరం పన్నెండో తారీకు పొద్దున అందింది. ఆ పోస్టు పిల్లే తెచ్చింది. పాపం తనకి ఏం తెలుసు, లోపలికి పిలిచి పుచ్చకాయ ముక్క ఇచ్చాను. "మొన్న మీరు పిలిచినది మా ఆయన్నమ్మా" అంటే కంగారుపడిపోయి ఒకటే వంగడం. "నువ్వు రాసింది అబద్ధం కాదులే, లేరు. ఇక్కడ లేరు గాని కగవాలో ఒక ఉదోన్ బాన మీద ఉన్నారు" అన్నాను. అర్థం కాకపోయినా "అవునాండీ, మంచిదండీ" అంది. బుద్ధిమంతురాలు.

ఆ రోజే ముద్ర వేశాను. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని వేశాను. ఇన్నిసార్లు వేశానా, ఆయన పేరు మీద గీత పడనట్టు అనిపించింది ఇదొక్కసారే. కాగితాలు తీసుకెళ్ళి పోస్టు చేసి, వచ్చేటప్పుడు దోసకాయ కొన్నాను.

పక్కింటావిడ నేర్పింది. దోసకాయకి నాలుగు పుల్లలు గుచ్చితే గుర్రం. పోయినవాళ్ళు దాని మీద గబగబా ఇంటికొస్తారట. పదమూడు సాయంత్రం తెల్ల లాంతరు వెలిగించి గుర్రాన్ని గుమ్మంలో పెట్టాను. కవరు కోసం ఉంచిన ఖాళీ చోట నీ ఉత్తరం పెట్టాను. అందులో ఆయన పేరు ఉందిగా, నీ వంకర రాతలో.

గాలి లేదు. లాంతరు కదలదు. చాలాసేపు చూశాను. పక్కింటావిడ వచ్చి "ఇంకా రాలేదామ్మా?" అంది. నేనన్నాను కదా: "ఎలా వస్తాడు? దారిలో ఉదోన్ కొట్టు దగ్గర గుర్రం దిగి ఉంటాడు. అదీ పెద్ద గిన్నె!" ఇద్దరం పగలబడి నవ్వాం. తొలి బోన్ ఇంట్లో ఇలా నవ్వొచ్చా అనుకుంటూనే నవ్వాం. ఆ నవ్వుతో ఆయన పోయాక గుండె మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయింది. ఆ రాత్రి తెల్లారే దాకా నిద్రపోయాను.

ఇవాళ నీ ఉత్తరం వచ్చింది. "పిలిచాను" అన్న మాట ఎన్నిసార్లు చదివానో చెప్పను, మురిసిపోతావు. నువ్వు, అన్నయ్యా! బడిలో మాస్టారు హాజరు పిలిస్తే బదులు పలకలేక రోజూ రానట్టు వేయించుకున్నవాడివి!

సుగియో గారికి ఎండు స్క్విడ్ పంపుతున్నాను. నీకు కూడా ఉంది. ఆవిడ వాటా నువ్వు తినెయ్యకు.

మెడకి వేడి కాపడం పెట్టు.

హత్సుయో

*

మురోరాన్
డిసెంబర్ 9

అన్నయ్యా,

నిన్నటి నుంచి మంచు. గుమ్మం ముందు తోసిన చోటే మళ్ళీ తోస్తున్నాను. అక్కడ చలి ఎలా ఉంది? గోధుమ మొలకెత్తిందా?

నిన్న పోస్టు పిల్ల వచ్చింది. టోపీ నిండా మంచు. కొత్త పేరుపలక కొట్టించాను కదా, దాని మీద ఒట్టి "ఒగురా" అనే ఉంది. ఆ పిల్లకి పాత భయం పోలేదేమో, కవరు పెట్టెలో వెయ్యకుండా చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి పిలిచింది.

"ఒగురా హత్సుయో గారు ఉన్నారా?"

అన్నయ్యా, నేను వెంటనే పలకలేదు. ఎవరినో అనుకున్నాను.

చిన్నప్పుడు నాకు కుట్టుపనిలో బహుమతి వస్తే కాగితం మీద నాన్న పేరు రాశారు, గుర్తుందా? పెళ్ళయ్యాక అన్నీ మీ బావ పేరే. కొత్త సంవత్సరం కార్డుల మీద కూడా "తమెకిచి గారికీ, వారి భార్యకీ" అని ఉండేది. నేనేం బాధపడలేదు, అందరికీ అంతేగా. ఆయన పోయాక వచ్చినవన్నీ "కీర్తిశేషులు ఒగురా తమెకిచి గారి కుటుంబసభ్యులకు". డెబ్బై రెండేళ్ళలో ఒక కంపెనీ వాళ్ళు నా పేరు అచ్చులో, పక్కన ఇంకెవరూ లేకుండా, "గారు" పెట్టి పంపడం ఇదే మొదలు.

ఆ పిల్ల మళ్ళీ పిలిచింది. మంచులో అలా నిలబెట్టడం తప్పు కదా. పైగా ఒకసారి లేరని చెప్పి ఎంత పని చేశానో తెలుసు. నీలాగే గొంతెత్తి అరిచాను.

"ఉన్నారు! ఉన్నారమ్మా! నేనే!"

వీధి చివర మంచు తోస్తున్నాయన తిరిగి చూశాడు.

కవరు బుద్ధుడి అరలో పెట్టాను. ఆయన పాత కవరు పక్కనే. "చూశావా, నాకూ వచ్చింది" అన్నాను. ఫోటోలో ఆయన అలాగే నవ్వుతున్నాడు. ఈ డివిడెండు కాగితం మాత్రం అక్కడ ఉంచను. రేపు పోస్టాఫీసుకి తీసుకెళ్ళి, నా ముద్ర కొట్టి, నా డబ్బు తెచ్చుకుంటాను. దుబారా చేస్తాను. ఎర్ర చేతి తొడుగులు కొంటాను.

కూపన్లు ఈసారి నీకు పంపడం లేదు. కోప్పడకు. నేనే తెచ్చుకుని తింటాను. మంచు కరిగాక, ఏప్రిల్లో వస్తాను. బాన ఎదురుగా, ఎడమ నుంచి ఏడో పలక కనబడే చోట నాకు సీటు ఆపి ఉంచమని సుగియో గారికి చెప్పు. నోటితో చెప్పు.

నీ చెల్లెలు
ఒగురా హత్సుయో

*

కగవా
డిసెంబర్ 15
(కార్డు)

చెల్లీ,

చెప్పాను. నోటితోనే.

ఆవిడ ఒకటి అడగమంది. పెద్దదా, చిన్నదా?

కామెజో